మాంసం లేని 'బేకన్' - ఒక వంటింటి రసాయన పాఠం

అమెరికా దేశంలో ఉదయపు ఫలహారమంటే చాలామందికి కోడిగుడ్డు, దాని పక్కన నాలుగు బేకన్ ముక్కలు. బేకన్ అనగా పంది పొట్ట భాగపు మాంసాన్ని ఉప్పు, కొంచెం చక్కెర, నైట్రైట్ అనే లవణం పట్టించి కొన్నాళ్ళు ఊరబెట్టి, తరువాత కట్టెల పొగకు ఆరబెట్టి, కాగితమంత పలచగా చీల్చిన పట్టీలు. ఇంగ్లండులో అయితే ఎక్కువగా వీపు భాగాన్ని వాడతారు. వీటిని పెనం మీద వేస్తే కొవ్వు కరిగి, అంచులు ముడుచుకుని, ఇల్లంతా వాసన గుప్పుమంటుంది.

మన పూతరేకులకు ఆత్రేయపురం ఎంతో, ఫలహారానికి బేకన్ అమెరికా వాళ్ళకు అంత సహజమని మనం అనుకుంటాం. కాని దాని వెనుక వ్యాపారం కూడా వుంది. 1920లలో బీచ్‌నట్ అనే కంపెనీ తన బేకన్ అమ్మకాలు పెంచుకోవడానికి ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుణ్ణి పెట్టుకుంది. ఈయన సుప్రసిద్ధ మనస్తత్వవేత్త ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. బెర్నేస్ బేకన్‌ను పొగుడుతూ ప్రకటనలు వెయ్యలేదు. "ఉదయం తేలికగా తినడం మంచిదా, దిట్టంగా తినడం మంచిదా?" అని ఒక వైద్యుని చేత దేశంలోని అయిదు వేల మంది వైద్యులకు ఉత్తరాలు రాయించాడు. సుమారు నాలుగున్నర వేల మంది "దిట్టంగానే" అన్నారట. ఇది ఆయన స్వయంగా చెప్పుకున్న లెక్క. ఆ జవాబును, గుడ్డూ బేకనూ కలిసిన ఫలహారాన్ని పక్కపక్కనే పత్రికలకెక్కించాడు. ఇంకేం కావాలి!

దీనితో మనకేం పని అని మిత్రులు అడగవచ్చు. పని వుంది. యేటేటా మన తరగతుల నుంచి పై చదువులకు విదేశాలు వెళ్ళేవారు వుంటూనే వున్నారు. వారిలో మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలున్నారు, పంది మాంసం మాత్రం ముట్టని ముస్లిం మిత్రులున్నారు. అక్కడి కాంటీనులో బేకన్ తన పేరుతోనే ఎదురైతే చిక్కు లేదు, పక్కకు తప్పుకుంటాం. చిక్కల్లా అది మారువేషంలో వచ్చినప్పుడే. ఆకుకూరల మధ్య గోధుమరంగు పలుకులుగా, చిక్కుడుకాయ కూరలో, బంగాళాదుంప సూపులో, తియ్యటి సాస్‌లో ఉడికించిన చిక్కుడు గింజల్లో అది దాగి వుంటుంది. "ఇది కూరగాయల వంటకమేనా?" అని అడిగితే వడ్డించేవాడు ఔననే అంటాడు. వాడి దృష్టిలో అది కూరగాయే. బేకన్ కేవలం పోపు! కాబట్టి "ఇందులో బేకన్ పడిందా, పంది కొవ్వు వాడారా?" అని విడిగా అడగాలి. ఇంకొక తమాషా యేమిటంటే, సలాడ్ల మీద చల్లే ఆ ఎర్రటి పలుకుల్లో కొన్ని అసలు మాంసమే కావు, సోయా పిండితో చేసినవి. కంటికి రెండూ ఒకటే. సీసా మీద వున్న దినుసుల పట్టీ చదివితే గాని తేలదు.

సోయా పిండి బేకన్‌లా యెలా రుచించింది? అసలు ఆ రుచి పందిలో వుందా, మరెక్కడైనా వుందా? యీ ప్రశ్నే నా చేత యీ వ్యాసం రాయిస్తున్నది.

బేకన్ రుచిని విడదీసి చూస్తే ముఖ్యంగా నాలుగు సంగతులు కనిపిస్తాయి. ఒకటి ఉప్పు, దానితో కలిసి వచ్చే మాంసరసపు కమ్మదనం. యీ కమ్మదనానికి కారణం గ్లూటమేట్ అని 1908లో జపాను శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచు నుంచి కనిపెట్టాడు. సోయా సాస్‌లో అది పుష్కలం. రెండు, వేపుడు రంగు, వాసన. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసినప్పుడు జరిగే మార్పు ఇది. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ దీన్ని వివరించాడు. దోసె అంచు ఎర్రబడడం, వేరుశనగ గింజ వేగిన వాసన - ఇవన్నీ ఆయన ఖాతాలోవే. మూడు, కొవ్వు, కరకర. నాలుగు, పొగ.

యీ నాలుగింటిలో పంది తెచ్చినది ఏమిటి? కొవ్వు, మాంసకృత్తులు, మాంసానికే వుండే కొంత వాసన. ఉప్పు సముద్రానిది, తీపి చెరకుది, పొగ చెట్టుది. సగానికి పైగా శాకాహారమే నన్నమాట!

ఇక్కడ పొగను గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలున్నాయి: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. మొదటి రెండూ చక్కెర అణువుల గొలుసులే. ఇవి వేడికి తెగిపోయి కొంత ఎసిటిక్ ఆమ్లంగా (మన వెనిగర్‌లో పులుపు ఇదే), కొంత తియ్యటి వాసనగల పదార్థాలుగా, ఆహారానికి గోధుమరంగు తెచ్చే కార్బొనిల్ సమ్మేళనాలుగా మారతాయి. అసలు పొగ వాసన ఇచ్చేది మూడవదైన లిగ్నిన్. చెట్టుకు గట్టిదనాన్నిచ్చే యీ పదార్థం వేడికి విరిగి ఫీనాల్ జాతి రసాయనాలను వెలువరిస్తుంది. వాటిలో రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. గ్వాయకాల్ - ఇది నాలుకకు తగిలే పొగ రుచి. సిరింగాల్ - ఇది ముక్కుకు తగిలే పొగ వాసన. దేవదారు వంటి మెత్తని కట్టెలలో రెండవది ఇంచుమించు వుండదు, పైగా బంక మసి ఎక్కువ. అందుకే అమెరికాలో హికరీ, ఓక్, ఆపిల్ వంటి గట్టి కట్టెలు వాడతారు. అవి కూడా భగభగ మండకూడదు. గాలి చాలక పొగలు కక్కుతూ మెల్లగా కాలాలి. మంట లేస్తే యీ రసాయనాలన్నీ కాలిపోయి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మిగులుతాయి.

మరి యీ పొగను సీసాలో పట్టవచ్చునా? పట్టారు. 1895లో అమెరికాలోని కాన్సాస్ నగరంలో ఎర్నెస్ట్ రైట్ అనే మందుల వ్యాపారి పొగను చల్లబరచి ద్రవంగా చేసి అమ్మడం మొదలుపెట్టాడు. పొయ్యి గొట్టం కీలు దగ్గర నుంచి కారే నల్లని బొట్లను కుర్రతనంలో చూసిన జ్ఞాపకం ఆయన చేత యీ పని చేయించిందంటారు. ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. రంపపు పొట్టును పొగపెట్టి, ఆ పొగను నీటిలో పట్టి, తారును వేరుచేస్తారు. బెంజోపైరీన్ వంటి కాన్సరు కారక పదార్థాలు నీటిలో సరిగా కరగవు గనుక చాలామట్టుకు తారుతో పాటే పోతాయి. అయితే ఇంతటితో భయం తీరిందని కాదు. 2024లో ఐరోపా సమాఖ్య, జన్యువులకు హాని కలగవచ్చుననే అనుమానం మీద, 8 పొగ రుచి ద్రవ్యాలకు అనుమతి పొడిగించ నిరాకరించింది. కొన్ని రకాల ఆహారాలకు రెండేళ్ళు, మరికొన్నింటికి అయిదేళ్ళు గడువిచ్చింది. కాబట్టి సీసా దొరికినా చుక్కల లెక్కన వాడడమే ఉత్తమం. నాలుగు చుక్కలకు పొగ రుచి, నలభై చుక్కలకు బూడిద రుచి!

సీసా లేనివారికి దారి లేదా? వుంది, అదీ మన దేశంలోనే. సిక్కింలో పండే నల్ల యాలకులను (బిర్యానీ దినుసుల్లో వేసే పెద్ద యాలకులు) భట్టీ అనే పొయ్యి మీద కట్టెల పొగలో ఆరబెడతారు. వాటి తొక్క వాసన చూడండి, పొగే పొగ. లోపలి గింజల్లో కర్పూరపు ఘాటు ఎక్కువ గనుక మన పనికి తొక్కే మేలు. స్పెయిన్ దేశంలో లా వేరా అనే ప్రాంతం వారు ఎర్ర మిరపకాయలను రెండు వారాల పాటు ఓక్ కట్టెల పొగలో ఆరబెట్టి పొడి చేస్తారు. పెద్ద బజార్లలో పొగ పాప్రికా అనే పేరుతో దొరుకుతుంది. ఘాటు తక్కువ, రంగు, పొగ ఎక్కువ. చైనాలో ఫూజియన్ రాష్ట్రపు వూయీ కొండల్లో దేవదారు జాతి కట్టెల పొగలో ఆరబెట్టే లాప్సాంగ్ సూషాంగ్ తేయాకూ వుంది. దాని డికాక్షన్‌లో ముక్కలు నానబెట్టవచ్చు.

అన్నిటికంటె విచిత్రమైనది లవంగం. లవంగానికి వాసన ఇచ్చే యూజినాల్ అనే పదార్థం పైన చెప్పిన గ్వాయకాల్‌కు స్వయానా చుట్టం. గ్వాయకాల్ అణువుకు మూడు కర్బన పరమాణువుల తోక తగిలిస్తే యూజినాల్. హైదరాబాదు వంటవారు కూర మధ్య చిన్న గిన్నెలో నిప్పు కణిక పెట్టి, దాని మీద రెండు లవంగాలు, ఒక చెంచా నెయ్యి వేసి మూత పెట్టడం చాలామంది చూసే వుంటారు. బొగ్గుకు తనంత తానుగా పొగ రుచి తక్కువ. బొగ్గుగా మారేటప్పుడే కట్టెలోని లిగ్నిన్ పొగ అంతా వెళ్ళిపోయింది. అక్కడ వాసన ఇచ్చేది కాలిన నెయ్యి, లవంగం. తరతరాల వంటవారు రసాయన శాస్త్రం చదవకుండానే సరైన దినుసును ఎన్నుకున్నారు.

ఇక పొగకు ఆధారంగా ఏ పదార్థం పట్టుకోవాలన్నది ప్రశ్న. పాశ్చాత్యులు చాలా ప్రయత్నాలు చేశారు. ఫోర్డు మోటారు కంపెనీలో పనిచేసిన రాబర్ట్ బోయర్ అనే రసాయనజ్ఞుడు సోయా మాంసకృత్తులను నూలులా వడికి మాంసపు పోగుల్లా చేసే పద్ధతికి 1954లో పేటెంటు పొందాడు. 1960లలో జనరల్ మిల్స్ కంపెనీ సోయాతో చేసిన బేకన్ పలుకులను బజారులోకి తెచ్చింది. అవి ఫాక్టరీ పనులు, ఇంట్లో సాగేవి కావు. ఇళ్ళలో కొందరు గోధుమపిండి ముద్దను నీళ్ళలో పిసికి గంజి పోగొట్టి మిగిలిన జిగురుతో చేస్తారు. కొందరు వియత్నాం వారి బియ్యపు అప్పడాలను రెండేసి తడిపి అంటించి, పట్టీలుగా కోసి కాలుస్తారు. పుట్టగొడుగు కాడలు, కారెట్ చీలికలు, వంకాయ చీలికలు కూడా వాడతారు. వంకాయ నాకు నచ్చలేదు. వంకాయను వంకాయగానే తినడం దానికీ మనకూ గౌరవం. తేలికలో తేలిక, కరకరకు మొదటి మార్కు ఇవ్వవలసినది మాత్రం కొబ్బరి.

చేసే విధానం

ఎండుకొబ్బరి చిప్ప ఒకటి తీసుకోండి. మక్కిన వాసన వుండకూడదు. తురమవద్దు. తొక్క తీసే పీలరుతో గాని, కత్తిపీట మీద గాని పలచని, వెడల్పైన రేకులుగా తియ్యాలి. రెండు కప్పుల రేకులకు సోయా సాస్ ఒకటిన్నర పెద్ద చెంచాలు, బెల్లం పాకం ఒక పెద్ద చెంచా (అమెరికాలో మేపుల్ చెట్టు పాకం వాడతారు), పొగ పాప్రికా ఒక టీ చెంచా. పాప్రికా దొరకకపోతే ఘాటు తక్కువ ఎర్రకారం వేసి, మూడు నల్ల యాలకుల తొక్కలను అరకప్పు నీళ్ళలో మరిగించి రెండు చెంచాలకు ఇగిర్చిన కషాయం కలపండి. పొగ ద్రవం వున్నవారు అర టీ చెంచా మించవద్దు. ఉప్పు వెయ్యనే వద్దు, సోయా సాస్‌లో వున్నది చాలు. నూనె కూడా అక్కరలేదు. ఎండుకొబ్బరి బరువులో అరవై శాతానికి పైగా నూనే.

రేకులకు యీ పులుసు పట్టించి పది నిమిషాలు వుంచి, ఇనప మూకుడులో సన్నని సెగ మీద కలియబెడుతూ వేపాలి. పావుగంట పట్టవచ్చు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. కారణం నీరు. తడి వున్నంతసేపూ రేకు వేడి నూరు డిగ్రీలు దాటదు, ఆ వేడికి మయ్యార్ చర్య నత్తనడక నడుస్తుంది. నీరు పోయిన మరుక్షణం వేడి ఒక్కసారి పెరిగి రంగు తిరుగుతుంది. బెల్లం వుంది గనుక అక్కడ నుంచి మాడడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. అట్లకాడ వదిలి ఫోను ఎత్తకూడని ఘట్టం ఇదే. కాస్త లేతగా వుండగానే పళ్ళెంలోకి తీసి పరచండి. మెత్తగా వున్నవి చల్లారుతున్న కొద్దీ కరకరలాడతాయి. ఓవెన్ వున్నవారు 160 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు, మధ్యలో రెండు మూడుసార్లు కదిపి చేసుకోవచ్చు.

అయితే ఇందులో ఒక లోపం వుంది, దాన్ని దాచకూడదు. కొబ్బరిలో నూనె జాస్తి, మాంసకృత్తులు వందకు ఏడు గ్రాములలోపే. హాస్టలు పిల్లవాడు "బేకన్ బదులు తింటున్నాను గదా" అని దీన్నే బలమనుకుంటే మోసపోతాడు. బలం కావలసినవారు సోయా వైపు రావాలి. ఇండొనేషియాలోని జావా దీవి వారు ఉడికిన సోయా గింజలను ఒక రకం బూజుతో ఒకటి రెండు రోజులు పులియబెట్టి టెంపే అనే గట్టి దిమ్మె చేస్తారు. అమెరికాలో ఇది బజార్లలో దొరుకుతుంది. దాన్ని పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించి (చేదు తగ్గుతుంది, పులుసు బాగా పీలుస్తుంది), పలచని పట్టీలు కోసి, అదే పులుసులో అరగంట నానబెట్టి, కొద్ది నూనెతో రెండు వైపులా కాల్చాలి. మన వూళ్ళలో అయితే సోయా పనీరు. దాన్ని గుడ్డలో చుట్టి బరువు పెట్టి నీరంతా పిండకపోతే వేగదు, ఉడుకుతుంది. అదీ లేకపోతే మీల్ మేకర్ వుండనే వుంది. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, పలచగా చీల్చి పులుసు పట్టించండి. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు మాంసకృత్తులే. పట్టీ ఆకారం రాదు గాని, రొట్టె ముక్కల మధ్య పెట్టాక ఆకారం ఎవరు చూస్తారు?

నిప్పు కణికతో పొగపెట్టే ముచ్చట వున్నవారికి ఒక హెచ్చరిక. హాస్టలు గదిలో, తలుపులు మూసిన వంటింట్లో బొగ్గు వెలిగించవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆ తరువాత మెలకువే రాకపోవచ్చు. చలికి కుంపటి పెట్టుకుని నిద్రపోయినవారు చనిపోయిన వార్తలు పత్రికల్లో చదువుతూనే వున్నాం. డాబా మీదనో, పెరట్లోనో వెలిగించి, అయిదు నిమిషాలు మూతపెట్టి, కణికను అక్కడే నీళ్ళలో ఆర్పి లోపలికి రండి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన విరిగిన కుర్చీ కాళ్ళు పొగకు వాడవద్దు. ఆ జిగురు, ఆ రంగు అన్నీ తిండిలోకే వస్తాయి.

ఇంత శ్రమ ఎందుకు, అసలుదే తింటే ఏమని మాంసాహార మిత్రులు అడుగుతారు. తినేవారిని కాదనను. సంగతి మాత్రం తెలిసి వుండాలి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ - ఫ్రాన్సులోని లియాన్‌లో వున్నది - ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలను కాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తినేవారిలో పెద్దపేగు కాన్సరు అవకాశం సుమారు 18 శాతం పెరుగుతుందని ఆ నిపుణుల లెక్క. పొగాకు కూడా ఆ వర్గంలోనే వుంది గనుక రెండూ సమానమని కొందరు గగ్గోలు పెట్టారు, అది తప్పు. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్న సంగతి గాని, ప్రమాదం ఎంత పెద్దదన్న సంగతి కాదు. బేకన్‌కు గులాబి రంగునిచ్చే నైట్రైట్ వేడికి నైట్రోసమైన్లుగా మారవచ్చునని తెలిసి, 1978లో అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధనలో నైట్రైట్‌ను మిలియను పాళ్ళకు 120గా నిర్ణయించి, దానికి విరుగుడుగా విటమిన్ సి జాతి లవణాలు 550 పాళ్ళు కలపమన్నారు. మన కొబ్బరి బేకన్‌కు యీ బెడద లేదు.

ఉప్పు బెడద మాత్రం వుంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు వుంటుంది. రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందుచేత రేకులను పిడికెళ్ళతో బొక్కవద్దు. టమాటా, ఆకుకూర పెట్టిన రొట్టె మధ్య నాలుగు రేకులు, ఉప్మా మీద నాలుగు, పెరుగన్నంలో నంజుకోవడానికి నాలుగు - అంతే. (పెరుగన్నంతో బేకనా అని నవ్వకండి, చల్లమిరపకాయ చేసే పనే ఇదీ చేస్తుంది.) బాగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే వారం పాటు కరకర పోదు. వానాకాలంలో మెత్తబడితే మళ్ళీ రెండు నిమిషాలు పెనం మీద వెచ్చచెయ్యండి. సోయా పనీరుతో, టెంపేతో చేసినవి మాత్రం ఫ్రిజ్‌లోనే వుంచి రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి.